తువ్వాలు కప్పిన కుర్చీలు

మా బాబాయి ఓడలో పనిచేసేవాడు. డెబ్బైల చివర్లో ఓసారి సెలవుకి వస్తూ అరచేతిలో పట్టేంత సినిమా కెమెరా తెచ్చాడు. రాజోలు దగ్గర మా ఊళ్లో అలాంటిది ఎవరూ చూసి ఎరగరు.

"ఏమీ సర్దక్కర్లేదు వదినా. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి, నాక్కావలసింది అదే" అన్నాడు అమ్మతో.

అమ్మ వింటేనా! రోజూ ఉన్నట్టే ఉండేదానికి ఇక సినిమా ఎందుకట? పెళ్ళిచూపులకి సర్దినట్టు ఇల్లంతా సర్దేసింది. దండెం మీద బట్టలు తీసేసింది. పొయ్యిలోకని ఎండేసిన కొబ్బరి మట్టలు పెరట్లోకి చేరవేయించింది. ఇంతా చేస్తే మాకున్నవి ఒక నులకమంచం, నాన్న బడిపిల్లల కాయితాలు దిద్దుకునే బల్ల. కుర్చీలు లేవు. పక్కింటి అత్తనడిగి ఇనుప కుర్చీలు తెచ్చాం.

అత్తంటే చుట్టం కాదు, వరస కలుపుకున్నాం అంతే. వాళ్లది కొబ్బరికాయల వ్యాపారం. కుర్చీలడిగితే ట్రాన్సిస్టరు కూడా ఇచ్చింది. దాంతో ఊరుకుందా, పెట్టె తీసి తన పట్టుచీర అమ్మ చేతుల్లో పెట్టింది.

"నెమలికంఠం రంగు మీకు భలే ఉంటదండీ వదినగారూ. మొహమాటపడకుండా కట్టుకోండి" అంది.

ఇక్కడో చిక్కొచ్చిపడింది. మా వైపు పదిళ్లు తిరిగే సామాను మీద ఇంటివాళ్ల పేర్ల అక్షరాలు వేయిస్తారు. గుండిగల మీద చెక్కిస్తారు, కుర్చీల వీపు మీద రంగుతో రాయిస్తారు. ఆ కుర్చీల మీదా ఉన్నాయి, ఇంతింత లావు తెల్ల అక్షరాలు. అమ్మ ఆలోచించి ఒక్కో కుర్చీకీ ఒక్కో తువ్వాలు కప్పింది. అబ్బ, అమ్మ తెలివే తెలివి అని నేను మురిసిపోయాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అందరం కుర్చీల్లో బిగుసుకుని కూర్చున్నాం. బాబాయి మా చుట్టూ తిరుగుతూ తీశాడు. రీలు పై దేశంలో కడిగించి, మళ్లీ సెలవుకి ప్రొజెక్టరుతో సహా పట్టుకొచ్చాడు. నాన్న అరుగు గోడకి తెల్లపంచె కట్టాడు. చీకటి పడేసరికి వీధి వీధంతా మా వాకిట్లో ఉంది.

పంచె మీద మా వాకిలి, మా కోళ్లు, మా నాన్న నవ్వు! మాటల్లేవు, బొమ్మే. నేను చేతులు అలా ఊపుకుంటూ నడుస్తానని నాకే తెలీదు. జనం ఈలలు. అంతలో బొమ్మ మా వీపుల వెనక్కి తిరిగింది. గాలికి ఓ తువ్వాలు జారి కిందపడింది. అక్షరాలు పంచె నిండా కనిపించాయి.

"అమ్మా, మన కుర్చీలే! చీర కూడా నీదే!" అని అరిచాడు అత్త కొడుకు.

ఇంక చూస్కోండి నవ్వులు! నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ వైపు చూడ్డానికి కూడా ధైర్యం చాల్లేదు.

అత్త లేచింది. కొడుకు నెత్తిన ఒకటిచ్చింది. "ఎందుకండీ ఆ పళ్లికిలింపులు? మీ పిల్లల పెళ్ళిళ్లకి అన్నం వండిన గుండిగలు ఎవరివండీ? బొమ్మ చూడండి నోరు మూసుకుని!" అంది అందరితో.

అందరూ నోళ్లు మూశారు. ఆవిడ అలా వెనకేసుకొచ్చేసరికి సిగ్గు రెండింతలైంది మాకు. ఆ దిక్కుమాలిన రీలు మళ్లీ వేశారో చూడండి అని అమ్మ ఖచ్చితంగా చెప్పేసింది. బాబాయి మాత్రం దాన్ని తర్వాతెప్పుడో వీడియో క్యాసెట్టు చేయించి పంపాడు. మేం బీరువాలో పడేశాం.

ఎనభైల మధ్యలో అత్త జబ్బుచేసి పోయింది. కొన్నాళ్లకి ఆ కొడుకు, అప్పటికి మీసాలొచ్చినవాడు, అద్దె వీడియో డెక్కు మోసుకుని మా ఇంటికొచ్చాడు.

"అమ్మ అందులో ఎక్కడైనా పడిందేమోనండీ. ఫొటోలున్నాయి గానీ, కదిలే బొమ్మ ఒక్కటీ లేదండి" అన్నాడు.

అందులో ఆవిడ కుర్చీలున్నాయి, ట్రాన్సిస్టరుంది, చీరుంది. ఆవిడ లేదు. లేదని మాకు తెలుసు. చెప్పడానికి మొహాల్లేక క్యాసెట్టు ఇచ్చాం. అప్పటికి మాకూ టీవీ, కుర్చీలూ వచ్చాయి. అతన్ని టీవీ ముందు కుర్చీలో కూర్చోబెట్టి, మేం వెనక నిలబడ్డాం.

తువ్వాలు జారే చోటు వచ్చింది. నేను కళ్లు దించుకున్నాను.

"అదిగోనండీ అమ్మ!" అన్నాడు.

తలెత్తాను. నిజమే. మా కుర్చీల అవతల, కొబ్బరాకుల దడి మీద నుంచి అత్త తల కనిపిస్తోంది. ఆ రోజు అందరం అక్షరాలే చూశాం, దడి వైపు ఎవరు చూశారు? అతను వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు. అత్త మమ్మల్ని చూసి నవ్వుతోంది. పాత వాయిలు చీర. చేతులు పైటకి తుడుచుకుంది. గబగబా జుట్టు సవరించుకుంది. అంతలో బాబాయి కెమెరా ఇటు తిప్పేశాడు.

"జుట్టు సర్దుకుంటంది చూసేరా! రమ్మని పిలుస్తారనుకున్నట్టుందండీ, పిచ్చిది" అని నవ్వాడు అతను, కళ్లు తుడుచుకుంటూ.

ఆ రోజు కుర్చీలన్నీ ఆవిడవే. ఒక్కదాంట్లో కూర్చోమని పిలవలేదు మేం.

అమ్మ లోపలికెళ్లి ఇంకో కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, టీవీ ముందు వేసింది.

"నేను కూర్చునే ఉన్నానుగా అత్తయ్యగారూ" అన్నాడతను.

"నీక్కాదు నాయనా" అంది అమ్మ.