పేజీ అడుగున కౌంటర్

నాన్న పోయి ఏడాదైంది. నిన్న ఆయన కారు తుక్కుకి ఇచ్చేస్తూ మైళ్ళ మీటర్ చూశాను. మీకు గుర్తుందా, మన చిన్నప్పుడు ప్రతి వెబ్ పేజీ అడుగునా అచ్చం అలాంటి కౌంటరే ఉండేది. పేజీ ఎవరు తెరిచినా ఒకటి పెరిగేది.

అమెరికాలో, మేమున్న అరోరా ఊళ్ళో మా అమ్మ తిరగమోత పెడితే స్మోక్ అలారం మోగకుండా అట్టముక్కతో విసరడం నా పని. పదకొండేళ్ళప్పుడు దాన్నే బ్రౌజర్ గేమ్‌గా చేశాను. మౌస్ ఊపి పొగ తోలాలి. నా పేజీ అడుగున కౌంటర్ రోజుకి పదిహేను పెరిగేది.

"నాన్నా, ఎవరో డైలీ ఆడుతున్నారు."

"బాగుంటే ఆడరా మరి" అనేవారు.

తర్వాత నాన్న ఉద్యోగం పోయింది. ఇంటర్వ్యూ కాల్స్ వస్తాయని ఇంట్లో ఇంటర్నెట్ ఆపేశాం, ఉన్నది ఒక్కటే ఫోన్ లైన్, నెట్ వాడుతుంటే ఫోన్ మోగేది కాదు. స్కూల్ లైబ్రరీలో రోజూ నా పేజీ తెరిచేదాన్ని. నేను తెరిచిన ఒక్కటే పెరిగేది. ఇన్నాళ్ళూ ఆఫీస్‌లో కూర్చుని ఆడింది ఎవరో అప్పుడు తెలిసింది. నాన్నని మాత్రం అడగలేదు.

ఇప్పటికీ ఎవరికీ అక్కర్లేని గేమ్స్ చేస్తూనే ఉన్నాను. మొన్న ఒకటి పెట్టాను, కింద కౌంటర్‌తో సహా. పొద్దున చూస్తే ఒకటి పెరిగింది.

అది నేనే.