తివాచీ మీద పసుపు

శ్రీకాళహస్తిలో బట్టలుతికేవాళ్లు పాతికమంది ఉన్నా, పట్టుచీర ఎవరి చేతికైనా ఇవ్వాలంటే పెద్దవీధి ఆడవాళ్లకు తాయమ్మే గుర్తొచ్చేది. తాయమ్మ చేతికిస్తే పెట్టెలో పెట్టినట్టే అనేవాళ్లు. ఆమెకున్న పొలమూ పుట్రా అంతా ఆ మాటే. ఆమె పుట్టింటివాళ్లు కలంకారీ గుడ్డల్ని స్వర్ణముఖి ఏటి పారే నీళ్లలో జాడించేవాళ్లు. ఏ రంగు నీళ్లకు కదులుతుందో, ఏది ఎండకు వెలుస్తుందో పదేళ్లు నిండకముందే ఆ పిల్లకు తెలిసిపోయింది. పెళ్లయి మునిరామయ్య ఇంటికొచ్చాక ఆ తెలివే కూడు పెట్టింది.

పెద్దవీధిలో గుడ్డల అంగడి చెంగల్రాయుడి భార్య శకుంతలమ్మ. తాయమ్మా ఆమే ఒకే ఏడు కాపురాలకు వచ్చారు. తాయమ్మకు విషజ్వరం వచ్చినప్పుడు పది రోజులు గంజి కాచి పంపింది శకుంతలమ్మే. అది అబద్ధం కాదు, చేసిన మేలును మనం ఎందుకు దాచాలి? "మే తాయమ్మా, నువ్వు నా తోడబుట్టినట్టే" అని ఎప్పుడూ అనేది. తాయమ్మ ఆ మాటను మూటగట్టుకుని దాచుకుంది. నమ్మి చెడినవాడు లేడని అంటారు గానీ, అన్నవాడెవడో తాయమ్మను చూసి ఉండడు.

శకుంతలమ్మ ఇంట్లో ఒక తివాచీ ఉండేది. పెళ్లిళ్లలో పరిచే జమక్కాళం అనుకునేరు, కాదు. అసలైన ఉన్ని తివాచీ, మీగడ రంగు మీద దానిమ్మపూలు. శకుంతలమ్మ పెళ్లికి వాళ్ల నాయన ఏలూరు నుంచి తెప్పించి ఇచ్చాడు. మామగారు ఇచ్చిన సొత్తే అయినా చెంగల్రాయుడికి అదంటే ప్రాణం. మద్రాసు షావుకార్లు వస్తే దాని మీదే కూర్చోబెట్టేవాడు. పిల్లల్ని దాని మీద కాలు పెట్టనిచ్చేవాడు కాదు.

ఏటా వానలు వెనకబట్టాక తాయమ్మ ఆ ఇంటి పెరట్లోనే దాన్ని శుభ్రం చేసేది. రేవు మొహం ఏనాడూ చూపించలేదు. నులకమంచం మీద తిరగేసి పరిచి, వేపబెత్తంతో వెనకవైపు మెల్లగా తట్టి దుమ్ము దులిపేది. తడిపిన తెల్లగుడ్డ ఒక మూల అదిమిపెట్టి రంగు అంటుతుందేమో చూసేది. పోయినేడు అంటలేదు కదా అని ఈ ఏడు మానేసే రకం కాదు. ఆ తర్వాత కుంకుడుకాయల రసం చిలికి, పైన తేలిన నురగ మాత్రం అరచేత్తో తీసి, ఉన్ని వాలిన వైపే రాసి, తడిగుడ్డతో తుడిచేది. పిండేది కాదు, తాడు మీద వేలాడేసేది కాదు. తడిసిన ఉన్ని తన బరువుకు తనే సాగిపోతుందని నీడలో మంచం మీదే రెండు రోజులు ఆరనిచ్చేది. పసిబిడ్డకు నీళ్లు పోసేవాళ్లు కూడా అంత ఓపిక పట్టరు.

డెబ్బయ్యారో డెబ్బయ్యేడో, సరిగా గుర్తులేదు, ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం పేరంటానికి తివాచీ పరవాలని శకుంతలమ్మకు సరదా పుట్టింది. మొగుడు సరుకు కోసం మద్రాసు వెళ్లి ఉన్నాడు. ముత్తైదువుల కాళ్లకు పసుపు రాసేచోట ఉన్ని తివాచీ పరిచే మహాతల్లిని ఎక్కడైనా చూశారా? ఈవిడ పరిచింది. చిత్రం ఏమిటంటే పేరంటం చుక్క ఒలక్కుండా జరిగిపోయింది. అందరూ తాంబూలాలు తీసుకుని వెళ్లాక, సర్దుకుంటూ సర్దుకుంటూ ఆవిడే పసుపు గిన్నెను తన్నుకుంది. కలిపిన పసుపంతా తివాచీ మీద పడింది.

అప్పుడన్నా తాయమ్మకు కబురుపెడితే సరిపోయేది. పెట్టలేదు. వేడినీళ్లలో బట్టల సోడా కలిపి దభాలున పోసింది. ఇంకేముంది! పసుపులో సున్నం కలిపితే నీళ్లు ఎర్రబడతాయని హారతి పళ్లెం పట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. సోడా కూడా అదే పని చేస్తుందని మాత్రం కంగారులో తట్టలేదు. పచ్చటి మరక కాస్తా నెత్తురు రంగుకు తిరిగింది. బెదిరిపోయి కొబ్బరిపీచు తీసుకుని బరబరా రుద్దింది. దానిమ్మపూల ఎరుపు కరిగి మీగడ రంగులోకి పాకింది, ఉన్ని ఉండలు కట్టింది. అప్పుడు గుర్తొచ్చింది తాయమ్మ.

తాయమ్మ వచ్చి మరక చూస్తూనే, "సోడా పోసినావా అమ్మా?" అంది.

"కాళ్లూ చేతులూ ఆడలేదే! సోమారం మాయన వస్తాడు. చూసినాడంటే నన్ను బతకనిస్తాడా? నువ్వే గట్టెక్కించల్ల." శకుంతలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నేను చేసిన పని ఎవురికీ చెప్పనని అమ్మవారి మింద ఒట్టెయ్యి."

"ఒట్టెందుకమ్మా? నేను చెప్పేదాన్నా?"

"అయినా ఎయ్యి."

వేసింది. ఒట్టు అడిగేవాళ్ల మనసులో ఏముందో ఒట్టు వేసేవాళ్లు ఎప్పుడూ ఆలోచించరు కదా.

రెండు రోజులు తాయమ్మ తన ఇంటి మొహం సరిగా చూడలేదు. నిమ్మరసం నీళ్లలో కలిపి, గుడ్డతో అద్ది అద్ది ఆ ఎరుపును మళ్లీ పసుపుకు తెచ్చింది. కుంకుడు నురగతో ఆ పసుపును పలచన చేసింది. పసుపు ఎండకు ఆగదు, తివాచీ పూల రంగూ ఆగదు. అందుకని మరక మీద మాత్రం పొద్దుటెండ పడేటట్టు మిగతా తివాచీకంతా దుప్పటి కప్పి, మంచాన్ని ఎండ వెంబడి జరుపుతూ కూర్చుంది. అవసరానికి మంచాన్ని వీధి వైపు అరుగు పక్కకు కూడా లాగింది. వచ్చేపోయేవాళ్లంతా చూశారు. ఆదివారం సాయంత్రానికి పసుపు జాడ లేదు. కానీ కరిగిన దానిమ్మ ఎరుపు పోలేదు, ఉండ కట్టిన ఉన్ని విడలేదు. జానెడు మేర మచ్చ అట్లాగే ఉండిపోయింది.

"ఇంతకు మించి నా చేత కాదమ్మా. అయ్యకు నిజం చెప్పెయ్. ఒకపూట అరుస్తాడు, అంతే గదా" అంది తాయమ్మ.

"చెప్తాలే. నేను చూసుకుంటా, నువ్వు పో" అంది శకుంతలమ్మ.

సోమవారం పది గంటలకు తాయమ్మకు పిలుపొచ్చింది. వెళ్లేసరికి చెంగల్రాయుడు తివాచీ ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కింటి వసంతమ్మ, ఇంకో ఇద్దరు అమ్మలక్కలు గడప దగ్గర చేరారు.

"ఇదేంది తాయమ్మా? ఇన్నేండ్లూ బాగా చేస్తివే" అన్నాడు చెంగల్రాయుడు. పాపం, కోపంగా కూడా అనలేదు.

తాయమ్మ శకుంతలమ్మ వైపు చూసింది. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని చూసింది.

శకుంతలమ్మ చెప్పింది. "కాస్త పసుపు పడిందని పిలిస్తే, వద్దంటే ఇనకుండా సోడా ఏసి రుద్దేసింది. ఏం చేద్దాం, వాళ్లకు బండ మింద బాదేదే గదా తెలిసింది."

మీదికి ఏమైనా విసిరినా తాయమ్మకు అంత నొప్పి తెలిసేది కాదు. సోడా అట! తన చేత్తో! చెప్పడానికి నోరు తెరిచింది. అమ్మవారి మీద వేసిన ఒట్టు అడ్డమొచ్చి నోరు మూసుకుంది. ఆ మూసుకున్న నోరే తప్పు ఒప్పుకున్నట్టయింది. వసంతమ్మ ముక్కు మీద వేలేసుకుంది. చెంగల్రాయుడు నిట్టూర్చి, "సరే పో" అన్నాడు.

సాయంత్రం మునిరామయ్యకు కూడా మొత్తం చెప్పలేదు, నేను చెయ్యలేదని మాత్రం అంది. "చెయ్యకుంటే ఆడనే చెప్పొచ్చు గదా, నోరు లేదా నీకు?" అని అతను కేకలేశాడు. ఆ ఇంటి మాటా ఈ ఇంటి మాటా అన్నీ తన మీదే పడుతుంటే తాయమ్మ పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. మచ్చ పడ్డందుకు కాదు, గంజి కాచి పంపిన మనిషి అంత తొణక్కుండా ఆ మాట అన్నందుకు.

వారం తిరక్కుండా మాట వీధంతా పాకింది. నూలుచీరలూ పంచెలూ దుప్పట్లూ మామూలుగానే వస్తున్నాయి. పట్టు ఒక్కటి రాలేదు. దసరా పోయింది, దీపావళి పోయింది, తాయమ్మ చేతికి ఒక్క పట్టుచీర తగల్లేదు. వసంతమ్మయితే తన పట్టుచీరల్ని తిరుపతికి పంపుతోందని తెలిసింది. ఏం మనుషులండీ! పదిహేనేళ్లు చూసిన చెయ్యి కదా, ఒక్కరన్నా "నిజమా?" అని అడిగారా?

కార్తీకంలో ఒక మధ్యాహ్నం తాయమ్మ ఇంటి వెనక బట్టలకు గంజి పెడుతుంటే, ఏటి వైపు సందులోంచి శకుంతలమ్మ వచ్చింది. తలమీంచి కొంగు కప్పుకుంది. కొంగు కింద మూట.

"బాగుండావా తాయమ్మా?"

"ఉండాను."

శకుంతలమ్మ మూట విప్పింది. ఆమె పెళ్లినాటి పట్టుచీర. జరీ అంచు మీద నెయ్యి ఒలికింది. "మా తమ్ముడి కూతురి పెండ్లికి కట్టుకోవల్ల. వేరేవాళ్ల చేతికియ్యాలంటే గుండె దడగా ఉండాది. నీ చెయ్యి ఎట్లాంటిదో నాకు తెల్దా?"

తాయమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరు ఊరంతా ఆ చేతిని అనుమానించాక, నమ్మే మనిషి ఒక్కతే మిగిలింది, అదీ ఈవిడ!

"మరక పోతాదమ్మా, తీసిస్తా. అయితే ఈ దొడ్డిదోవన తెస్తే తీసుకోను. మూట చేతబట్టుకోని పెద్దవీధిలో నడిచి రా. వసంతమ్మ అరుగు మిందనే ఉంటాది. యాడికి పోతాండావని అడుగుతాది. నా పెండ్లి చీర తాయమ్మకియ్యను పోతాండానని చెప్పు. ఇంకేమీ చెప్పబన్లేదు."

శకుంతలమ్మ మొహం మాడిపోయింది. "అట్లంటే ఎట్ల తాయమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?"

"నన్ను ఏమనుకుంటాండారో నీకు తెల్దా అమ్మా?"

శకుంతలమ్మ చీర మడిచి, మూట కట్టి, కొంగు కింద పెట్టుకుని వెనక్కి నడిచింది. సందు చివర కుడివైపు తిరిగితే పెద్దవీధి, ఎడమవైపు ఏటి దారి. కుడివైపు తిరుగుతుందేమోనని తాయమ్మ గంజి చేతులతో అట్లాగే నిలబడి చూసింది. ఆవిడ ఎడమవైపు తిరిగింది.