తప్పు టైరుదే

లోకంలో ఎవరికి ఏ కీడు జరిగినా అందుకు కారణం టైరేనని దానయ్య గారి స్థిరమైన అభిప్రాయం. మనిషిని తప్పుపట్టగా ఆయనను చూసినవాళ్లు రాయపూరులోని డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో ఎవరూ లేరు. పెళ్లికొడుకు ముహూర్తానికి అందకపోతే కారు టైరు, పాలు విరిగిపోతే పాలవాడి సైకిలు టైరు, కొత్త దంపతులు మాట్లాడుకోవడం మానేస్తే వాళ్ల స్కూటరు వెనకటైరు. ఆయన రిటైర్మెంటు సభలో పెద్దాఫీసరు ఉపన్యాసాన్ని సాగదీసి సాగదీసి భోజనాలు చల్లార్చినప్పుడు కూడా, బయటికి రాగానే దానయ్య గారు ఆ ఆఫీసరు జీపు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూశారు.

"పాపం, ఆయనను అనుకుని లాభం లేదు," అన్నారు. "ఇటువంటి టైర్ల మీద తిరిగి వెళ్లాలంటే ఎవరైనా వాయిదా వేస్తారు."

వ్యాగన్ వర్క్‌షాపు స్టోర్సులో ఉద్యోగం ముగిశాక ఆయన కాలనీ గోడకు ఆనుకుని ఒక చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటి పెరట్లోని జామచెట్టుకు కాయలకంటె టైర్లు ఎక్కువ. అరిగినవీ చీలినవీ కొమ్మకొకటి చొప్పున వేలాడుతూ, పొగమంచు దిగిన తెల్లవారుజామున ఎవరికోసమో సిద్ధం చేసిన ఉచ్చుల్లా కనిపించేవి. గాలి లేనప్పుడూ ఊగేవి. కిటికీలో వరసగా ఊరగాయ జాడీలు. వాటిలో తుమ్మముళ్లు, గాజుపెంకులు, తుప్పుపట్టిన మేకులు. కొత్తగా వచ్చిన కొరియరు కుర్రవాడొకడు గేటు తీసి, చెట్టును చూసి, జాడీలను చూసి, పార్సిలును గోడమీదుగా విసిరి వెళ్లిపోయాడు. ఆ వీధిలోకి మళ్లీ రాలేదు.

శంకర్ నగర్ సైకిలు దుకాణాలవారికి ఆయన మరొక విధమైన భయం. పంక్చరు కాని టైరు కావాలని వెళ్లేవారు. చూపించిన టైరును మడిచేవారు, వాసన చూసేవారు, చివరకు జేబులోంచి చెప్పులు కుట్టే ఆరె తీసి పొడిచేవారు.

"ఇంకా కొనలేదు కదా, సార్," అని మొత్తుకున్నాడొక దుకాణదారు.

"కొన్న తర్వాత పొడిస్తే నష్టం నాకు కదయ్యా," అన్నారు దానయ్య గారు, అతని అమాయకత్వానికి జాలిపడుతూ.

గోడకు ఇవతలి క్వార్టరులో హెలెన్ తన తల్లి లీలావతమ్మతో ఉండేది. తల్లి వర్క్‌షాపు ఆఫీసులో ప్యూను. హెలెన్ నర్సింగు పూర్తిచేసి, ఉర్లాలో ఒక ఉక్కు కర్మాగారపు దవాఖానాలో తాత్కాలికపు పనిలో చేరింది. జనవరిలో పర్మనెంటు చేస్తామన్నారు. డ్యూటీ తెల్లవారగానే, ఆ వేళకు ఆటోలు దొరకవు, సైకిలే దిక్కు. డిసెంబరు వచ్చేసరికి ఆమె రెండుసార్లు ఆలస్యంగా చేరింది. మూడోసారి కూడా అయితే మరునాటినుంచి రానక్కర్లేదని డాక్టరు గారు కేస్‌షీటు మీదనుంచి తల ఎత్తకుండానే చెప్పారు.

రెండు పంక్చర్లూ ఒకేచోట అయ్యాయి. ఉర్లాకు ముందు రోడ్డు వంగే మలుపులో తారు అంతా లారీలది. సైకిళ్లవాళ్లు పక్కన మట్టిదారిలో దిగి వెళ్లాలి. పొగమంచులో కర్మాగారాల దీపాలు కుళ్లిన నారింజపండ్లలా మసకగా వేలాడేవి. ఆ మలుపులో పంక్చరై, సైకిలును నడిపించుకుంటూ బయల్దేరిన ఫిట్టరొకడు ఇల్లు చేరలేదని, దయ్యమై తోడుకోసం ఇతరుల చక్రాల్లో గాలి తీస్తాడని కార్మికులు చెప్పుకునేవారు. ఈమధ్య అతను వినబడుతున్నాడు కూడా. మంచులో ఎక్కడో ముందు, ఇనుమును నేలమీద ఈడుస్తున్న చప్పుడు. గర్ర్... ఆగి, మళ్లీ గర్ర్...

"దీదీ, టైరు మార్చి ఏం లాభం?" అన్నాడు గేటు కాపలాదారు ఉమేష్. అతని తాతలది విజయనగరం. తెలుగు మాత్రం ఉర్లాది. "అతనికి తోడు కావాలి, బస్. నేనైతే బందోబస్తు చేయించేసుకున్నా."

"ఏం బందోబస్తు?"

"బైగా చెప్పిన బందోబస్తు. మంత్రగాడి మాట, చెబితే పనిచేయదు."

"మరి మొన్న నీకూ పంక్చరైందిగా?"

"అవును," అన్నాడు ఉమేష్ బరువుగా. "అతను చాలా గట్టివాడు, దీదీ."

హెలెన్ ఆ సాయంత్రమే దానయ్య గారి గేటు తీసింది. టైర్ల కింద వంగి వెళ్తుంటే ఒకటి ఆమె జడను తాకి వెనక్కి ఊగింది.

"బాబాయ్ గారూ, పంక్చరు కాని టైరేదో ఒక్క మాటలో చెప్పండి. నా ఉద్యోగం దానిమీద ఉంది."

ఒక్క మాట అన్నది ఆయనకు నచ్చలేదు. "గాలి అక్కర్లేని గట్టిటైరు ఉంది. ముల్లు దిగదు. కాని గతుకు గతుకుకూ నడుం విరుగుతుంది. పేషెంట్ల పక్కన నీకూ మంచం వేయాలి. దళసరి టైరుంది, దాన్ని తొక్కి ఉర్లా చేరేసరికి డ్యూటీ దిగే వేళవుతుంది. టైరుకూ ట్యూబుకూ మధ్య పట్టీ వేయవచ్చు. సరిగ్గా కూర్చోకపోతే ఆ పట్టీయే ట్యూబును కోస్తుంది. లోపల గట్టి నారపొర ఉన్నది ఒకటుంది..."

"అది ఇప్పించండి."

"తొందరపడకు. దాన్ని ఇంకా పూర్తిగా అనుమానించలేదు." చేయి చాపారు. "ట్యూబులో దొరికింది తెచ్చావా?"

ఆమె కాగితంలో చుట్టిన మేకును ఇచ్చింది. గుర్రపు నాడాకు కొట్టే మేకు. తలకాయ దగ్గర ఏదో గుడ్డ పోగు అంటుకుని ఉంది. దానయ్య గారు దాన్ని దీపానికి దగ్గరగా పట్టుకుని చూశారు. టైర్ల గురించి ఒక్క మాటైనా అనకుండా ఆయన అంతసేపు ఉండడం హెలెన్ ఎరుగదు. చెట్టు మీది టైర్లకంటె ఆ మౌనమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. తర్వాత ఆయన గోడదగ్గరికి వెళ్లి, అవతల లీలావతమ్మకు వినబడేంత గొంతుతో, "తప్పంతా ఆ దిక్కుమాలిన టైరుదేనమ్మా, ఇంకెవరిదీ కాదు," అని ప్రకటించారు.

మరునాడు మంచు మరీ చిక్కగా పడింది. హెలెన్‌కు తన సైకిలు ముందుచక్రం కూడా సరిగా కనబడలేదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ చప్పుడు వినబడింది. గర్ర్... గర్ర్... బ్రేకు నొక్కి ఒక కాలు నేలకు ఆనించింది. వెనక్కి తిరిగితే ఉద్యోగం పోతుంది. ముందుకెళ్తే ఏం పోతుందో తెలియదు. నూట ఇరవై ఒకటో కీర్తన మొదలుపెట్టింది. రెండో వచనం గుర్తురాక మొదటిదే మళ్లీ చెప్పుకుంది.

మంచు కొద్దిగా విడివడింది. మట్టిదారి మీద తల లేని ఆకారమొకటి మోకాళ్లమీద కూర్చుని నేలను తడుముతోంది. దాని వెనక తాడు, తాడు చివర ఏవో నల్లని ముద్దలు. తాడు కదిలింది. ముద్దలు గర్రుమన్నాయి. ఆకారం పాక్కుంటూ ఆమె వైపే వచ్చింది. దుప్పటిలోంచి చల్లని చేయి ఒకటి వెలువడి, ఆమె సైకిలు చక్రాన్ని బొటనవేలితో నొక్కింది.

"గాలి చాలదు," అంది ఆకారం. "మెత్తటి టైరు దారిలోని ముల్లునల్లా ఏరుకుంటుంది. ఎన్నిసార్లు చెప్పాను?"

హెలెన్ సైకిలును వదిలి నేలమీద కూర్చుండిపోయింది. దుప్పటి జారి, కోతిటోపీలో దానయ్య గారి తల బయటపడింది. తాడుకు కట్టినవి పాత లౌడ్‌స్పీకర్ల అయస్కాంతాలు. వాటి నిండా మేకులు ముళ్లపందిలా నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఒక్కొక్క మేకుకూ ఒక గుడ్డ పీలిక.

"బైగా బందోబస్తు," అన్నారాయన లోగొంతుకతో. "ఈ దారిన పోయేవాళ్ల ఒంటిబట్ట చించి, మేకుకు చుట్టి ఇక్కడ పాతితే ఆ ఫిట్టరు కదలలేడట. లారీల అదురుకు అవి పైకి లేస్తున్నాయి. పంక్చరవుతోంది. పంక్చరు అవగానే, మేకులు చాలలేదనుకుని మరికొన్ని పాతుతున్నారు."

హెలెన్ ఆ ముద్దలోంచి ఒక మేకు లాగింది. నీలిగళ్ల పీలిక. నర్సింగు ట్రైనింగులో తను వేసుకున్న యూనిఫారం అంచు, తన చేతి కుట్టు. ఆ పాత యూనిఫారాన్ని మసిగుడ్డలకు చింపుతానని అమ్మ అడిగి తీసుకుంది.

దానయ్య గారు చటుక్కున దాన్ని లాక్కున్నారు. "అది నాది."

"మీరు నీలిగళ్ల గౌను వేసుకునేవారా, బాబాయ్ గారూ?"

"చిన్నప్పుడు," అన్నారాయన, ఏమాత్రం తొణకకుండా.

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండుసార్లూ తన చక్రంలో దిగింది బహుశా అమ్మ ప్రేమే. ఆ సంగతి అమ్మకు తెలిస్తే ఇక అన్నం సహించదు. ఇన్నేళ్లూ ఈయన టైర్లను ఎందుకు తిట్టిపోశారో ఆమెకు ఇప్పుడు అర్థమయింది. ఎవరో ఒకరిమీద పడవలసిన నిందను, నోరులేని రబ్బరు మీదికి మళ్లిస్తూ వచ్చారు.

"కాని బాబాయ్ గారూ," అంది లేచి దుమ్ము దులుపుకుంటూ, "ఈ ఈడ్చే చప్పుడు అందరికీ వినబడుతోంది. విన్నప్పుడల్లా మరో నలుగురు మేకులు పాతుతున్నారు."

దానయ్య గారు అయస్కాంతాల వైపు చూశారు. "అంటే... ఆ దయ్యం..."

"మీరే."

ఈసారి నింద వేయడానికి ఆయనకు టైరు కనబడలేదు. "నువ్వు వెళ్లు," అన్నారు చివరకు. "దారంతా ఊడ్చాను."

హెలెన్ వేళకు చేరింది. డాక్టరు గారు తల ఎత్తి చూశారు కూడా. అయినా రేపు ఏమవుతుందన్న దిగులు ఆమెను వదల్లేదు. ఏరినకొద్దీ పాతేవాళ్లున్న దారి అది.

ఆదివారం మధ్యాహ్నం దానయ్య గారు కొత్త టైరు భుజానికి తగిలించుకుని వచ్చారు. నారపొర ఉన్నదే. దాన్ని పూర్తిగా అనుమానించి ముగించినట్టుంది. బిగించి, గాలి కొట్టి, తీసేసిన పాతదాన్ని నోరారా తిట్టారు. తర్వాత గొంతు తగ్గించారు.

"లీలావతమ్మా, నాకు ఈమధ్య తెల్లవారుజామున బయటికి వెళ్లాలంటే భయంగా ఉంటోంది. ఏదైనా బందోబస్తు ఉంటే..."

లీలావతమ్మ ముఖం ఎర్రబడింది. లేచి, పాస్టరు గారి ఇంటివైపు కిటికీ మూసింది. బియ్యం డబ్బాలో చేయి పెట్టి ఒక మేకు తీసింది. "ఎవరితోనూ అనకండి, దానయ్య గారూ. మీ దుప్పటి అంచు కొంచెం చించి ఇవ్వండి. మలుపులో నేను పాతేసి వస్తాను."

"మలుపులోనా? అది పాత పద్ధతి కదమ్మా," అన్నారు దానయ్య గారు. "మనిషి బయల్దేరేది ఎక్కడినుంచి? గడపనుంచి. మేకు ద్వారబంధానికి కొడితే ఆ ఫిట్టరు వెంటే రాలేడు. వాణ్ని నడిరోడ్డులో కడితే, కట్టిన చోటే కూర్చుని చక్రాలు పట్టుకుంటాడు. అందుకే గదా ఇన్ని పంక్చర్లు."

లీలావతమ్మ మేకును చూసింది, తలుపును చూసింది. "నిజమే. ఆ బైగా ఈ ముక్క చెప్పలేదు చూడండి."

"ఆయన తప్పు కాదులెండి," అన్నారు దానయ్య గారు వెంటనే.

వంటగదిలో హెలెన్ చున్నీ అంచు నోట్లో కుక్కుకుంది. బయట దానయ్య గారు మేకు పట్టుకున్నారు. లీలావతమ్మ సుత్తితో కొట్టింది.

ఈ రహస్యం ఎవరికీ చెప్పకూడదని లీలావతమ్మ ఒక్కొక్కరి దగ్గరా ఒట్టు వేయించుకుంటూ కాలనీ అంతా చెప్పింది. కాలనీనుంచి అది ఉర్లా గేటు దాకా వెళ్లింది. ఉమేష్ తన కాపలా గది తలుపుకు నాలుగు కొట్టుకున్నాడు. మలుపులో చప్పుడు ఆగిపోయింది, పంక్చర్లూ ఆగిపోయాయి. గడప పద్ధతే అసలైనదని అందరికీ రుజువైంది.

క్రిస్మసు ముందు పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగినప్పుడు హెలెన్‌కు దాదాపు ప్రతి ద్వారబంధానికీ ఒక మేకు కనబడింది. కొందరు తాళంచెవులు తగిలించారు, కొందరు గొడుగు. చివరగా పాస్టరు గారి ఇల్లు. ఆయన తలుపు పక్కన కొత్త క్యాలెండరు వేలాడుతోంది. దాని వెనకనుంచి తెల్లని అంగీ పీలిక ఒకటి తొంగిచూస్తోంది.

హెలెన్ చూపు అక్కడ ఆగడం చూసి పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "క్యాలెండరు కోసమమ్మా."

"తప్పు గోడదేనండి," అంది హెలెన్. "మేకు లేనిదే దేన్నీ నిలవనివ్వదు." పీలికను వేలితో మెల్లగా క్యాలెండరు వెనక్కి తోసి, పాట అందుకుంది.