చెంచాతో కోసిన ఊచలు

వానకు తడిసిన టార్పాలిన్ వాసన ఎక్కడ తగిలినా నాకు ఏలూరులో వేసిన టూరింగ్ సినిమా డేరా గుర్తొస్తుంది. మొన్న ధాన్యం లారీ మీద కప్పిన పట్టా దగ్గర కూడా కాసేపు నిలబడిపోయాను.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఉప్పు సత్యాగ్రహంలో నాన్న జైలుకు వెళ్ళి ఐదు నెలలైంది. కొల్లేటి మీంచి వచ్చే తడిగాలికి ఇంట్లో బట్టలు ఆరని, అప్పడాలు మెత్తబడిపోయే ఆ వానాకాలంలో, పెద్దమ్మ పిల్లలతో కలిసి ఉప్పుశనగలు ఒళ్ళో పోసుకుని నేల మీద కూర్చుని ఆ డేరాలో ఒక సినిమా బొమ్మ చూశాను. అది మూకీ, మాటలుండని బొమ్మ. తెరపక్కన బెత్తం పట్టుకుని నిలబడి కథ చెప్పేది కరీం సాయిబు గారు. పగలు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసేవారు. కథలో జైల్లో పడ్డ వీరుడు అన్నం చెంచాతో ఇనుప ఊచలు కోశాడు, కునుకుతున్న జవాను తలపాగా విప్పి తాడు చేశాడు, తాడిచెట్టంత గోడ మీంచి దూకితే తెల్లగుర్రం దానంతట అదే కిందికి వచ్చి నిలబడింది. వాడి మీసం కూడా చెదరలేదు. మేము అరిచిన అరుపులకు డేరా ఊగింది.

ఇంటికి రాగానే అమ్మను అడిగాను, "నాన్నకి చెంచా ఇవ్వరా అక్కడ?"

నాన్నకు మా మీద ప్రేమ లేదని, ఉంటే ఈపాటికి వచ్చేసేవాడని తేల్చేసుకుని నేను రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడోరోజు, సామాన్యంగా గడప దాటని అమ్మ, నా చెయ్యి పట్టుకుని కరీం సాయిబు గారి మగ్గం దగ్గరికి తీసుకెళ్ళింది.

"సాయిబు గారండీ, మీ బొమ్మ చూసిన దగ్గర్నుంచి ఇది వాళ్ళ నాన్న మీద అలిగిందండీ."

ఆయన ఊలు ముడి వేయడం ఆపి అంతా విన్నారు. "ఆ ఊచలు కర్రవి పాపా, రంగేశారంతే. గుర్రాన్ని పక్కన మనిషి పట్టుకునుంటాడు, మనకి కనపడడు," అన్నారు. తర్వాత అమ్మతో, "సాయంత్రం ఆటకి మీరూ రండి చెల్లెమ్మా," అన్నారు.

వెళ్ళాం. ముందు బల్ల మీద ఒక కానిస్టేబుల్ ఒళ్ళో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. వీరుడు గోడ దూకగానే సాయిబు గారి బెత్తం ఆగింది. "ఈయన తప్పు చేసినవాడిలా గోడ దూకాడండీ. మన ఊరాయన ఒకరు తనంతట తానే జైలుకు వెళ్ళారు. ఆయనకి గోడ దూకే అవసరం లేదు. గేటు తీసి పంపిస్తారు, తలెత్తుకుని వస్తారు. ఆయన కూతురు ఇక్కడే ఉందండీ."

అమ్మ నా వేళ్ళు నలిగేలా పట్టుకుంది. కానిస్టేబుల్ సాయిబు గారి వంక చాలాసేపు చూసి, ఒళ్ళో ఉన్న టోపీ తిప్పుకుంటూ తల దించుకున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. ఆ రాత్రి నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

చలికాలంలో నాన్న జైలు గేటులోంచే వచ్చారు, ఎముకలు తేలి, దగ్గుతూ. నేను బొమ్మ కథ మొదలుపెడితే గుర్రం దగ్గర ఆపి, "నిజంగా అదే వచ్చిందా అమ్మా?" అని ఎంతో శ్రద్ధగా అడిగారు. డేరాలో సాయిబు గారు అన్న మాటలు అమ్మ చెప్పగా విని, మర్నాడే తంగెళ్ళమూడి వెళ్ళి సాయిబు గారి రెండు చేతులూ పట్టుకున్నారు.

కొన్నాళ్ళకు టాకీలు వచ్చాయి. బొమ్మలే మాట్లాడుతుంటే తెరపక్క మనిషి అక్కర్లేకపోయింది. సాయిబు గారు పూర్తిగా మగ్గానికే పరిమితమయ్యారు. ఇప్పుడా డేరా స్థలంలో బట్టల దుకాణాలున్నాయి. మనవలు చూపించే సినిమాల్లో మాట, పాట, తుపాకీ చప్పుడు అన్నీ ఎంతో స్పష్టంగా వినిపిస్తాయి. కానీ చీకట్లో కూర్చున్న ఒక పిల్ల కోసం, కథలో లేని నాలుగు మాటలు ధైర్యంగా కలిపి చెప్పే మనిషి మాత్రం ఏ తెరపక్కనా లేడు.