నీలం మూత గాజు డబ్బా

నిన్న పొద్దున, ముందురోజు థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల్లో మిగిలిన టర్కీ కోడి మాంసాన్ని మా అమ్మాయి చెత్తబుట్టలో వేయబోతుంటే నా ప్రాణం ఉసూరుమంది. “ఎవరూ తినరు మమ్మీ, డ్రై అయిపోయింది” అంది. నాకా చెబుతోంది డ్రై టర్కీ సంగతి! పళ్లెం లాక్కుని, అలమరలోంచి నీలం మూత గాజు డబ్బా దించాను. దాని వెనక ఎంత కథ ఉందో నా ఈడు వాళ్లకైతేనే అర్థమవుతుంది.

అమెరికా వచ్చి ఇర్వింగ్ ఊళ్లో కొత్తగా కాపురం పెట్టిన రోజులవి. మా ఆయన ఆఫీసుకి వెళ్లిపోతే, ఉద్యోగానికి వీల్లేని వీసాతో, డ్రైవింగ్ కూడా రాక, అపార్ట్‌మెంట్ గోడలతో మాట్లాడుకునేదాన్ని. నన్ను పలకరించే మనిషి ఎదురింటి అమెరికన్ ముసలావిడ ఒక్కతే. నా ఇంగ్లీషు సగం అర్థం కాకపోయినా నవ్వుతూ తలూపేది. థాంక్స్‌గివింగ్ మర్నాడు ఆవిడ ఈ డబ్బా నిండా టర్కీ ముక్కలు తెచ్చిచ్చి, డబ్బా సాయంత్రానికి కావాలని చెప్పి వెళ్లింది.

అక్కడే వచ్చింది చిక్కు. ఒకరిచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వడం మా ఇంటావంటా లేదు. ఇంట్లో చూస్తే ఒక కీరా, ఒక ఉల్లిపాయ, నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు, గుప్పెడు పల్లీలు. ఉన్న ఒక్క కారూ రిపేరుకి వెళ్లింది. ఆ రోజు సెలవు. మా ఆయన మహా మేధావి కదా, సోఫాలోంచి కదలకుండానే “ఆవిడ టర్కీతోనే సలాడ్ చేసి ఇచ్చెయ్. డ్రెస్సింగ్ మార్చేస్తే ఎవరు కనిపెడతారే?” అన్నారు.

సిగ్గుతో చస్తూనే ముక్కల్ని సన్నగా చీల్చి, అన్నీ తరిగి కలిపి, నిమ్మరసం పిండి, చేయి ఊరుకోక ఆవాల పోపు కూడా పెట్టాను. అంతే, స్మోక్ అలారం కొంపలంటుకున్నట్టు అరవడం మొదలెట్టింది. మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుండగా, కంగారుగా తలుపు తోసుకుని ఆవిడే వచ్చేసింది. స్టవ్ పక్కన ఆవిడ డబ్బా, అందులో ఆవిడ టర్కీ, దాని నెత్తిన నా ఆవాలు! ఉన్న ఒక్క నేస్తమూ పోయిందనుకుని ఏడుపొచ్చేసింది. వచ్చీరాని ఇంగ్లీషులో మా పద్ధతి చెప్పుకున్నాను. ఆవిడ నిలబడే ఒక ముక్క నోట్లో వేసుకుంది. మిరపకాయ తగిలి మొహం ఎర్రబడింది. నీళ్లు తాగి మళ్లీ తింది. ఇన్నేళ్లుగా టర్కీ వండుతున్నాను, నాకే రెండోసారి తినాలనిపించడం ఇదే మొదలు అంటూ పగలబడి నవ్వింది.

వారం తిరక్కుండా ఆ డబ్బా ‘యాపిల్ పై’ ముక్కలతో మా ఇంటికొచ్చింది, పులిహోరతో వాళ్లింటికెళ్లింది. ఏళ్ల తరబడి అలా తిరుగుతూనే ఉంది. ఆవిడ పోయిననాడు అది మా ఇంట్లోనే ఉంది. వంతు నాది.

ఇప్పుడు మేముంటున్న కాపెల్‌లో అంతా మనవాళ్లే, కానీ వాడి పారేసే డబ్బాల్లో ఇచ్చిపుచ్చుకుంటున్నాం. తిరిగిచ్చే పని లేదు కనక మళ్లీ గుమ్మం ఎక్కేవాళ్లూ లేరు. నాకది పెద్ద వెలితి. నిన్న అదే సలాడ్ చేసి, ఆ డబ్బాలో సర్ది, పక్కింట్లో కొత్తగా దిగిన తెలుగు జంట ఇంటి బెల్ నొక్కాను. “ఆంటీ, మీటింగ్‌లో ఉన్నా, డోర్ దగ్గర పెట్టేయండి ప్లీజ్” అంది తలుపు పక్కనున్న కెమెరా బెల్‌లోంచి ఆ అమ్మాయి గొంతు. ఒళ్లు మండింది. ఆ కెమెరా కంట్లోకి సూటిగా చూసి, డబ్బా మాత్రం నువ్వే తెచ్చివ్వాలమ్మా, ఖాళీగా తెచ్చినా ఫరవాలేదు అని చెప్పి వచ్చేశాను.

ఇవాళ పొద్దుటి నుంచీ వీధి తలుపు గడియ పెట్టలేదు.