శుక్రవారం దాకా ఆగిన పాట

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మస్కట్‌లో పదకొండేళ్లుగా ఇళ్లల్లో వంట చేస్తున్నాను. యజమానులు ఊరెళ్తే ఖాళీ ఫ్లాట్లలో ఒక్కదాన్నే పడుకున్నాను, భయపడలేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పడం లేదు. జరిగింది రాస్తున్నాను, అంతే.

నలభై దాటాక నాకు చదువు వచ్చింది. నేర్పింది సుజాతక్క. నిజామాబాద్ వైపు మనిషి, మస్కట్‌లోనే దార్సైట్ అనే పేటలో మా ఇద్దరిదీ ఒకే రూమ్. డ్యూటీ అయ్యాక సామాన్ల చీటీల వెనక నాతో అక్షరాలు దిద్దించేది. రాయడం వచ్చాక, నోటితో కట్టుకున్న పాటలన్నీ నోటుబుక్కులో పెట్టాను. అందులో ఒక పాటంటే అక్కకు ప్రాణం.

"యాప్‌లల్ల పెట్టవే. నీ పేరు పడాలె, నేను సూడాలె" అని వెంటపడేది.

ఈ వేసవిలో జబ్బు ముదిరి అక్కను బౌషర్‌లోని ఆసుపత్రిలో చేర్చారు. ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పారు. ఆమె ఉండగానే పాట బయటికి తేవాలని నేనే రికార్డు చేశాను. మోత పడకుండా ఏసీ ఆపేసి, బట్టల బీరువాలో తల పెట్టి, దుప్పటి కప్పుకుని ఫోన్లో పాడాను. చెమటకు ఫోన్ చేతిలోంచి జారిపోయేది.

పాడుతూ పాడుతూ ఒక చరణం మార్చేశాను. బుక్కులో "ఉప్పు గాలిల బట్టలారేసిన, ఊరు యాదికొచ్చె" అని ఉంది. అక్క చదివిందీ, నాతో కలిసి పాడిందీ అదే. బీరువాలో నా నోటికి "ఉప్పు గాలిల నీ నవ్వు ఆరేసిన, ఊరు మర్శిపోతి" అని వచ్చింది. అలాగే ఉంచాను. బుక్కులో మాత్రం దిద్దలేదు.

పాటను పాటలు వినే యాప్‌లన్నిటికీ పంపే కంపెనీకి, నేను వంట చేసే ఇంటి మేడమ్ తన ఫోన్ నుంచి పంపించారు. కొన్ని వారాల ముందే ఇస్తే అన్ని చోట్లకూ చేరుతుందట. సెలవు రోజని పాట విడుదలకు ఒక శుక్రవారం పెట్టించాను. అక్కకు నా ఫోన్లోనే ముందుగా వినిపించి ఉండవచ్చు. కానీ నా పేరు పడ్డాకే చూపించాలని ఆగాను. అదే నేను చేసిన తప్పు.

ఆ శుక్రవారానికి రెండు రోజుల ముందు, బుధవారం పొద్దున, అక్క పోయింది.

గురువారం మధ్యాహ్నం ఆమె బట్టలు, కళ్లద్దాలు తెచ్చుకోవడానికి వార్డుకు వెళ్లాను. పక్క మంచం మీద జగిత్యాల పెద్దమ్మ ఒకామె ఉంది.

"పాటలు కట్టేదానివి నువ్వేనా బిడ్డా? మంగళారం పొద్దంత మీ అక్క నీ పాటే పాడింది" అంది.

ఏ పాట అని అడిగాను. ఆమె గొంతు సవరించుకుని పాడింది. "ఉప్పు గాలిల నీ నవ్వు ఆరేసిన..."

నేను ఖాళీ మంచం మీద కూర్చుండిపోయాను.

"నవ్వును ఆరేసుడేందే, అదేమన్న చీరనా అని నేనన్న. 'నాకేమెరుక, కట్టినదాన్నే అడుగు' అని ఒకటే నవ్వింది" అంది పెద్దమ్మ.

అక్క ఫోన్ అద్దం పగిలి, పది రోజులుగా మత్రా బజారులోని రిపేరు షాపులో ఉంది. పాట అప్పటికి ఎక్కడా రాలేదు. పంపే ముందు మేడమ్ ఒక్కసారి విన్నారు, కానీ ఆమె ఎన్నడూ అక్కను చూడలేదు. నేనే అక్క పక్కన కూర్చుని తెలియకుండా కూనిరాగం తీశానా అని చాలాసార్లు ఆలోచించాను. కానీ ఏడుపొస్తుందనే భయంతో ఆ వార్డులో ఆ పాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

శుక్రవారం పాట వచ్చింది. నా పేరు పడింది. రూమ్‌లో అక్క మంచం మీద కూర్చుని ఒక్కసారి విన్నాను. ఆ చరణం దగ్గర ఆపేశాను. ఇప్పటికీ ముందుకు వినలేకపోతున్నాను.

అక్క వినకుండానే పోయిందని ఏడుద్దామంటే పెద్దమ్మ చెప్పింది అడ్డమొస్తుంది. వినే పోయిందని ఊరట పడదామంటే, ఎలా విన్నదో నాకు తెలియదు.