పై పన్ను పీకితే చూపు పోతుందన్న రోజుల్లో...

మా చిన్నప్పుడు... పొద్దు పొడిచేసరికి పెన్‌పహాడ్‌లో మా వాకిలంతా పళ్ళు తోమే సందడే. నాన్న నోట్లో యాప పుల్ల. నాయనమ్మ అరచేతిలో బొగ్గుపొడి. బడికి పోయే పిల్లనని నాకు మాత్రం ఒక బ్రష్షు... దాని కుచ్చు రెండు పక్కలకూ వాలిపోయినా పారేసేవాళ్ళం కాదు.

అమ్మ ఒక్కతే గోడవైపు తిరిగి తోముకునేది. పొగాకు కాల్చి నూరిన నల్లపొడిని వేలికి అద్దుకుని, కుడివైపు మాత్రమే. ఎడమవైపు ముట్టుకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చేది.

"పుండు మీద ఎవరన్న రుద్దుతరా బిడ్డా? ఇడిసిపెడితే అదే మానుతది" అనేది.

మానలేదు. వదిలేసిన ఆ వైపే చిగురు ఉబ్బి, ఎర్రబడి, పళ్ళను వదిలి వెనక్కి జారుతూ వచ్చింది. మక్క కంకి అంటే అమ్మకు ప్రాణం. పొయ్యిలో కాల్చి, ఉప్పూ కారం రాసి, వేడివేడిగా కొరికేది. ఒక వానాకాలం నుంచి గింజలు ఒలుచుకుని ఒక పక్కనే నమలడం మొదలుపెట్టింది... తర్వాత కంకి మొత్తం నా చేతిలోనే పెట్టేసేది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం వచ్చేది. నాట్లు వేసేటప్పుడు కూడా అందరికీ దూరంగా, వరుస చివరన నిలబడేది. నోటి వాసన ఎవరికి తగులుతుందోనని.

మా ఇంట్లో మొదట బడికి పోయింది నేనే. అందుకే నేను ఏది చదివి చెప్పినా అందరూ వినేవాళ్ళు. బళ్ళో పళ్ళ పాఠం చెప్పిన రోజు పరుగెత్తుకొచ్చి అమ్మకు చదివి వినిపించాను. ఇట్లాగే వదిలేస్తే పళ్ళన్నీ కదిలి ఊడిపోతాయని, దవాఖానకు పోదామని బతిమాలాను.

"పోతే పీకుతరు" అంది అమ్మ. "పై పన్ను పీకితే కండ్లు పోతయి. కండ్లు లేకుంటే నన్ను కూలికెవరు పిలుస్తరు?"

అది ఊరంతా నమ్మే మాట. మా ఇంట్లో అయితే సాక్ష్యం మంచం మీదే కూర్చుని ఉండేది... మా నాయనమ్మ.

"నన్ను సూడరాదే! పై పన్ను పీకిచ్చుకున్న, వెనకనే కండ్లకు పొగ కమ్మింది. నీ పుస్తకంల రాసిన్రా నా సంగతి?"

నా పుస్తకంలో నాయనమ్మ సంగతి లేదు. అమ్మ కదిలే పన్నును నాలుకతో తడుముకుంటూ పనిలోకి పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఊళ్ళో కళ్ళ డాక్టర్లు వచ్చి ముసలివాళ్ళందరినీ చూశారు. నాయనమ్మ కంట్లో పొర ఉందని తీసుకుపోయి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పి ఇంటికి తెచ్చిన రోజు, నా గడ్డం పట్టుకుని ముఖం ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఓసి... గింత పొడుగెప్పుడు పెరిగినవే? ముక్కు అచ్చం మీ అయ్యదే. గా ముక్కిచ్చి ఆగం జేసిండు గదనే నిన్ను!"

అందరం పడీపడీ నవ్వాం. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. చాలా ఏళ్ళ తర్వాత కోడలి ముఖం కనబడుతోంది నాయనమ్మకు... "నవ్వేటందుకు గా కొంగెందుకే?" అని చేత్తో పక్కకు లాగింది. లాగి, ఆ చిగుళ్ళు చూసి, నవ్వు ఆపేసింది.

అప్పుడు నాకు అడగాలనిపించింది. "నాయనమ్మా, నీ పై పన్ను మళ్ళ మొలిచిందా?"

"ముసల్దానికి పండ్లు మొలుస్తయానే, పిచ్చిదానా?"

"మరి సూపెట్లొచ్చింది?"

నాయనమ్మ నోట్లో వేలు పెట్టి ఆ ఖాళీని తడుముకుంది.

"గదేందే... పన్ను రాకపాయె, సూపు రాబట్టె!" అని తన మీద తనే నవ్వుకుంది. వెంటనే అమ్మవైపు తిరిగింది. "రేపు నాటు లేదు, ఏం లేదు. సూర్యాపేట బోదాం పా. నేనే తోల్కపోత."

పళ్ళ డాక్టరమ్మ అమ్మ నోరు చూసి కోప్పడలేదు. "రక్తం వస్తుందని తోమడం ఆపేశావు కదమ్మా? తోమకపోతే గార పేరుకుంటుంది, దాంతోనే చిగురు వాచి ఇంకా రక్తం వస్తుంది. మెత్తని బ్రష్షుతో నెమ్మదిగా తోము... పొద్దున, పడుకునే ముందు. ఆ పొగాకు పొడి మాత్రం ఇక వద్దు" అంది. బాగా కదిలిపోయిన పై పన్ను ఒకటి తీసేసింది. మళ్ళీ మళ్ళీ పిలిచి గార తీసి, మిగతా పళ్ళు నిలబెట్టింది.

పన్ను తీసిన రోజు తిరుగు బస్సులో అమ్మ నోట్లో దూది. కిటికీ దగ్గర కూర్చుని ఒక కన్ను మూసి చూసింది. తర్వాత ఇంకో కన్ను మూసి చూసింది. ఉన్నట్టుండి నా భుజం తట్టి దూరంగా కరెంటు తీగవైపు వేలు చూపించింది... పాలపిట్ట! నేను కూడా చూడలేదు దాన్ని.

"కనబడ్డదా? ఇగ సాలు తియ్!" అని నాయనమ్మ చప్పట్లు కొడితే బస్సంతా మావైపు తిరిగింది.

ఇప్పుడు నాయనమ్మ లేదు. మా వాకిట్లో యాప పుల్లల కబుర్లూ లేవు... ఎవరి బ్రష్షు వాళ్ళది, ఎవరి హడావిడి వాళ్ళది. పొద్దున్నే అందరం ఒకచోట నిలబడి నురగ నోళ్ళతో మాట్లాడుకున్న ఆ కాసేపు పోయినందుకు బాధే. కానీ మొన్న ఇంటికి పోతే అమ్మ పొయ్యి ముందు కూర్చుని కంకి కొరుకుతోంది. పక్కింటామెకు చెబుతోంది... "రక్తమొచ్చిందని ఇడిసిపెట్టకు పిల్లా, దవాఖానకు పో. కండ్లేం పోవు, నన్ను సూడు!" అని పెద్దగా నవ్వింది. కొంగు భుజం మీదే ఉంది.

మీ ఇంట్లో నవ్వేటప్పుడు ఎవరి చెయ్యి నోటికి అడ్డం పోతుందో ఈసారి గమనించండి... వాళ్ళను ఏ మాట భయపెట్టి ఆపుతోందో అడిగి, ఇక్కడ నాకూ చెప్పండి.